తల్లి రొయ్య టెస్టు

తుమ్మలపెంట హేచరీలో
తల్లి రొయ్యను దించిన రోజు
వెంటనే ట్యాంకులో వదలరు.
ఈత కాలి కొస కత్తిరించి
సీసాలో వేసి ల్యాబుకి పంపుతారు.
వైరస్ లేదని కాగితం వచ్చాకే
దానికి నీళ్లు, మేత, చీకటి.
మగదానికీ అంతే.
ఆడదాన్ని చూసి మగదాన్ని వదిలేసే యజమాని
ఈ ఒడ్డున ఒక్కడూ లేడు.
లక్షల సరుకు గదా.

నేనక్కడ బకెట్లు కడుగుతాను.
తెల్ల పళ్లెంలో పిల్లను పోసుకుని
లెక్కపెడతాను.
కనురెప్ప వెంట్రుకంత ఉంటది ఒక్కోటి,
అయినా కళ్లు కనపడతాయి.

నా మొదటిది మూడో నెల్లో జారిపోయింది.
వేడి చేసిందన్నారు.
రెండోదానికి ఊరి డాక్టరు
బలానికని సెలైన్ ఎక్కించాడు.
ఏడో నెల్లో పుట్టింది, ఆడబిడ్డ,
ఒళ్లంతా ఉబ్బి.
ఏడవలా.
మా అత్త పాత పంచెలో చుట్టి
సరుగుడు తోపు వైపు తీసుకుపోయింది.
పాదాలు మాత్రం చూశా నేను.

జొన్నవాడ పోయి కొడిముద్ద తిన్నా.
కసుమూరులో తాయెత్తు కట్టించుకున్నా.
గుడ్లు తొందరగా దించాలని
తల్లి రొయ్యకు ఒక కన్ను నొక్కేస్తారు మా హేచరీలో.
అన్నం పెడుతూ మా అత్త
అట్టాగే చూసేది నా వైపు.

చెంచయ్య సీడు వ్యాను తోలతాడు.
ఆక్సిజన్ కవర్లలో పిల్లను నింపుకుని
ఒడిశా దాకా, గుజరాత్ దాకా.
పెళ్లికి కొన్నాళ్ల ముందు
ఒక పుండు లేచిందంట.
నొప్పి లేదంట.
నెల తిరక్కుండా దానంతటదే మానిందంట.
మానినదాన్ని ఎవరు తల్చుకుంటారు?
అది పోలా, లోపలికి నడిచింది.
అతన్నుంచి నాలోకి,
నా నుంచి
ఆ ఉబ్బిన పాదాల్లోకి.

మూడోసారి నెల తప్పాక
కావలి ఆస్పత్రికి పోయా.
షంషాద్ సిస్టర్ వేలు గుచ్చి
చిన్న అట్టముక్క మీద రక్తం చుక్క వేసింది.
రెండు గీతలు లేచాయి.
కడుపు నిలిచినప్పుడూ రెండు గీతలే.
ఆ గీతలకు ఇంట్లో నోట్లో చక్కెర పోశారు,
ఈ గీతలకు సిస్టర్ లేచి
తలుపు దగ్గరికి వేసింది.

సిఫిలిస్ అంది. మా అమ్మమ్మలు
సవాయి అని గుసగుసలాడిన మాట.
గోడ మీద బొమ్మల కాగితంలో
సుఖవ్యాధులు అని రాసుంది.
నా దాకా వచ్చింది వ్యాధే.
ఆ మిగతా సగం మాట
ఏ దోవలో దిగిపోయిందో.

"మందుంది. వారానికొక సూది, మూడు వారాలు.
బిడ్డను కాపాడుకోవచ్చు.
కానీ ఆయన కూడా రావాల.
నీకొక్కదానికే వేస్తే మళ్లీ అంటుకుంటది."

నువ్వెక్కడ తిరిగావో అన్నాడు చెంచయ్య
మొదటి మాటగా.
నేను ఏడవలా, అరవలా.
నువ్వు తోలే ప్రతి కవరుకీ
రోగం లేదని కాగితం ఉంటది గదా,
నీ కాగితం ఏదయ్యా అన్నా.

రెండ్రోజులు మాట్లాడలా.
మూడోనాడు బండి తీశాడు.
ఆస్పత్రిలో హెల్మెట్ తీయకుండానే
చెయ్యి చాపాడు.
సిస్టర్ కూడా తీయమనలా.

ఆ మందు చిక్కన, తుంటి రాయవుద్ది.
ఇద్దరం కుంటుకుంటూ బయటికి వస్తుంటే
బండి మీంచి పడ్డారా అని అడిగాడు టీకొట్టతను.
ఆఁ, పడ్డాం అన్నాడు చెంచయ్య.
నాకు నవ్వొచ్చింది, కోపం కూడా.
క్షమించానో లేదో ఇప్పటికీ తెలియదు.
అతను మాత్రం మూడు వారాలూ వచ్చాడు.

ఇప్పుడు ఐదో నెల.
ముప్పైరెండున్న లెక్క ఎనిమిదికి దిగింది.
పుట్టాక బిడ్డ రక్తం కూడా చూడాలంది సిస్టర్.
చూడనీ.

రాత్రి డ్యూటీలో, ట్యూబ్‌లైటు కింద,
తెల్ల పళ్లెంలో పిల్ల.
నూట పద్దెనిమిది దగ్గర
లోపల ఏదో తోక ఆడించినట్టయింది.
లెక్క తప్పింది.
పళ్లెం పక్కన పెట్టి
కాసేపు అట్టాగే నిలబడ్డా.
మళ్లీ ఒకటి నుంచి మొదలు.